పిడుదులును సుగంధ తైలములును

పిడుదు నెరుగని విద్యార్థి మన పాఠశాలలో నుండడని నా నమ్మకము. పట్టణమున బుట్టినవాడు కుక్కచెవిలో దానిని జూచియుండును. పల్లెనుండి వచ్చినవాడు ఆవు గంగడోలు క్రిందను, పొదుగు ప్రక్కను, తోకమొదటను వ్రేలాడు గోమారులను బెరికి రాతితో నలిపి, చిందిన నెత్తురును జూచి యుండును. కొందరు దీనిని పేనుజాతి యందురు. నిజమునకు ఇది సాలెపురుగునకును తేలునకును జ్ఞాతి. గ్రుడ్డునుండి వెలువడినప్పుడు దీనికి ఆరు కాళ్లు. పెరిగిన పిమ్మట ఎనిమిది. పసితనమునుండి ప్రౌఢదశవరకు మూడవస్థలు. ఒక్కొక్క యవస్థయందు ఒక్కసారి కడుపార నెత్తురు త్రాగిన చాలును. ఆడుపిడుదు తుదిసారి త్రాగినప్పుడు తన బరువునకు నూరింతల వరకు ఉబ్బి, నేల రాలి, గోడపగుళ్లలోనో చెత్తమరుగుననో గ్రుడ్లు పెట్టి చచ్చును. పశువులను బట్టు నొకజాతి పిడుదు రెండు మూడు వేల గ్రుడ్లు పెట్టును. ఒక్కదానిని నలిపితిమని సంతసించు బాలుడు ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనవలెను.

ఇంతకంటె వింతయైనది దీని ఘ్రాణశక్తి. పిడుదునకు ముక్కు మొగమున లేదు. మొదటి జత కాళ్ల కొనలయందు సన్నని గుంటవంటి యింద్రియ మొకటి గలదు. దానిని వర్ణించిన పండితుని పేరిట హాలరు ఇంద్రియమని వ్యవహరింతురు. మనము విడుచు బొగ్గుపులుసు గాలి, చెమటవాసన, ఒంటివేడి, గాలిలోని తేమ, వీనినన్నిటిని ఆ కాళ్లు పసికట్టును. కావుననే పిడుదు గడ్డిపరక కొనకెక్కి, వెనుకకాళ్లతో దానిని బట్టుకొని, ముందుకాళ్లు రెండును గాలిలోనికి జాచి, దారిని బోవు ప్రాణికై కాచుకొని యుండును. కొన్ని జాతులు కాచుకొని యుండుటతో తృప్తి చెందవు. మన పశువుల పాకలలో గానవచ్చు హయలొమ్మా యను పిడుదు, వాసన తగిలినంతనే నేలపై పరుగెత్తి వచ్చును. సుగంధ తైలముల సంగతి యంతయు ఈ కాలిముక్కుతో ముడివడి యున్నది గనుక నింత వివరముగా వ్రాసితిని.

ఇటీవల పిల్లలను జూడవచ్చిన తలిదండ్రులు ప్రకృతిశాస్త్రము చెప్పువాడనగుటచే నన్ను దరచుగా నొక ప్రశ్న యడుగుచున్నారు: “మాష్టరుగారూ, అంగటి మందులన్నియు విషములే గదా! నిమ్మగడ్డి నూనె, లవంగనూనె మొదలగు వానితో పిడుదులను దోలవచ్చునందురు. నిజమేనా?” నిజమే యనిన నర్ధము చెప్పినట్లగును, అబద్ధ మనినను నర్ధము చెప్పినట్లే యగును. తక్కిన సగము చెప్పుటకు వాకిట నిలువబడి మాటలాడు కాలము చాలదు. అందుచే నీ సంచికలో వ్రాయుచున్నాను.

మన పెద్దలకు ఈ విషయమై కొంత తెలివి లేకపోలేదు. మా తాతగారి యింట పశువుల పాకలో కోళ్లను దిరుగనిచ్చెడివారు. అవి నేల రాలిన గోమారులను ఏరి తినెడివి. కాకులును గోరువంకలును గేదెల వీపులపై నెక్కి చేయు పనియు నదియే. వేపనూనెను, కానుగనూనెను పశువుల మెడలకు రాచెడివారు. ఇవి గానుగలో నాడించి తీసిన చిక్కని నూనెలు. సుగంధ తైలములు వేరు, ఆ భేదమును ముందు జెప్పెదను. పొగాకు కషాయముతో గడుగుట యొక పద్ధతి. సీతాఫలపు గింజలను నూరి పూయుట మరియొకటి. ఈ తుదిరెంటి విషయమున పిల్లలు జాగ్రత్త వహింపవలెను. పొగాకులోని నికొటిను చర్మముగుండ లోనికింకి విషమగును. దూడల విషయమున మరింత భయము. సీతాఫలపు గింజల పొడి కంటబడినచో కంటిపాపపై పొర చెడి చూపునకే హాని కలుగును. చెట్టునుండి వచ్చినదెల్ల మెత్తనిదని తలంచువారికి ఈ రెండే చాలిన జవాబు.

ఇక సుగంధ తైలము. ఇది గానుగలో నాడింపగా వచ్చునది గాదు, ఆవిరిపట్టి తీయవలసినది. మా వసతిగృహము వెనుక బావియొద్ద నిమ్మగడ్డి దుబ్బులు కొన్ని యున్నవి. పదవ తరగతి బాలురు వానిని గోసి, మూతగల పెద్ద పాత్రలో జల్లెడపై బేర్చి, అడుగున నీరుపోసి కాచి, ఆవిరిని చల్లనినీటిలో ముంచిన గొట్టముగుండ బోనిచ్చి, కొనయందొక సీసా నుంచిరి. ఉదయమంతయు మంట వేయగా సీసాలోని నీటిపై పసుపుపచ్చని పలుచని పొర యొకటి తేలెను. “ఇంతేనా అండీ!” యని యొక బాలుడు నిట్టూర్చెను. అంతే. నూరు కిలోల పచ్చిగడ్డికి నూనె సుమారు అరకిలో వచ్చుటయే సామాన్యము. పది రూపాయలకు నిండుసీసా నిచ్చువాడెవడైన నున్నచో, అందులో గడ్డినూనె యెంతయో యోచించుకొనవలెను. ఈ నూనెలో నధికభాగము సిట్రాలు అను పదార్థము. లవంగతైలములో యూజెనాలు, సిట్రొనెల్లా గడ్డినూనెలో సిట్రొనెల్లాలు, జెరానియాలు. పేర్లు వేరైనను వీని స్వభావము ఒకటియే: గాలి తగిలిన నెగిరిపోవును. వాసన మనకు దూరమునకు దెలియుట అందుచేతనే.

ఆ నూనెతో మేమొక చిన్న పరీక్ష చేసితిమి. వసతిగృహపు కుక్క చెవులనుండి పట్టుకారుతో దీసిన పిడుదులను గాజుసీసాలో నుంచితిమి. పళ్లెములో నీరు పోసి నడుమ నొక వెదురుపుల్ల నిలిపి, పుల్ల మొదట పిడుదును విడిచినచో, అది నీటికి వెరచియో, పైకెక్కు తన స్వభావము చేతనో, కొనవరకు బోవును. పుల్ల నడుమ నూనెలో దడిపిన కాగితపు పట్టీ చుట్టితిమి. పిడుదు పట్టీవరకు వచ్చి, ముందుకాళ్లెత్తి ఆడించి, వెనుకకు మరలెను. బాలురు చప్పట్లు కొట్టిరి. వేరొక దానిని విడిచితిమి, అదియు మరలెను. ఒకటి మాత్రము మొండిగా పట్టీమీదుగానే పోయెను. పిమ్మట గంట మ్రోగగా మేమందరము భోజనమునకు బోయితిమి. తిరిగి వచ్చి యదే పట్టీయొద్ద అవే పిడుదులను విడువగా, అవి యేమియు నెరుగనట్లు దానిని దాటి కొనకెక్కి కూర్చుండెను. పట్టీని ముక్కుకడ బెట్టుకొని చూచితిమి. వాసన మాకింకను దెలియుచునే యుండెను! మన ముక్కునకు దెలియు వాసన పిడుదును దోలుటకు జాలినది కాదని ఆ దినమున బాలురకు బోధపడెను. ఇన్నిటికిన్ని మరలెనని సంఖ్యలు వ్రాయను. అది బడిపిల్లల పరీక్ష, పుల్ల యొకటి, మధ్యాహ్న మొకటి. అయినను పెద్ద పరిశోధనశాలలలో చేయు పరీక్షలును ఈ తీరుననే యుండును, ఈ విషయమునే చెప్పును. నూనె పనిచేయును, ఎగిరిపోవును, ఎగిరిపోయిన పిమ్మట పనిచేయదు.

ఇంతవరకు వినోదము. మా పాఠశాలకు బాలు పోయు అవ్వ సంగతి వేరు.

ఆమె పేరేల? అందరును అవ్వ యనియే పిలుతురు. ఆమెకు భర్త లేడు, కుమారుడు లేడు. ఆమె మనుమరాలు మన పాఠశాలలో నెనిమిదవ తరగతి చదువుచున్నది. ఆ పిల్ల పుస్తకములు, బట్టలు, భోజనపు ఖర్చు, అన్నియు ఒక్క సంకరజాతి యావు పొదుగునుండి రావలసినవే. గడచిన వేసవిలో ఆ యావునకు గోమారులు విపరీతముగా బట్టెను. అంగడిలో నొకడు ఆమెకొక సీసా నమ్మెను. నేనా సీసాను జూచితిని. పైన నొక యాకుబొమ్మయు, సహజమైనదను మాటయు నున్నవి. ఏ మొక్క నూనెయో, ఎంత కలిపిరో, ఎన్నిగంటలు పనిచేయునో యొక్క యక్షరము లేదు. అవ్వ దానిని దినదినము పూసెను. ఆవు మేత మానెను. దూడకు జ్వరము వచ్చెను, చచ్చెను. అప్పటికిని ఆమె యింకొక సీసా తెచ్చుటకే బయలుదేరుచుండెను.

“అవ్వా, పశువుల డాక్టరుగారికి కబురంపలేదా?” యని యడిగితిని.

“నూనె పూసిన దినమున నాలుగు రాలినాయి అయ్యగారూ. డాక్టరుతో పనిలేదని అమ్మినాయనే చెప్పినాడు. ఆ మందుల్లో విషముంటాదంట, పాలు చెడిపోతాయంట. పిల్లలు తాగే పాలు గదా అయ్యా” అనెను.

చదువరులు ఈ మాటను జాగ్రత్తగా వినవలెను. ఆమె బీదరాలు గనుక డాక్టరును బిలువలేదని కొందరనుకొనవచ్చును. కాదు. పాలు త్రాగు పిల్లల మేలుకోరియే ఆమె పిలువలేదు. ఆమెయం దున్న యా మంచితనముపైననే సీసా నమ్మినవాడు వ్యాపారము చేసెను.

పశువైద్యులు ఆ సాయంకాలమే వచ్చిరి. ఆవు భుజము ముందరి బిళ్లను తడవి చూచి, నన్నును తడవుమనిరి. నిమ్మకాయంత గట్టిగా నుండెను. చెవినుండి రెండు చుక్కల నెత్తురు దీసి గాజుపలకపై రాచి కొనిపోయిరి. మరునాడు సూక్ష్మదర్శినిలో జూడగా నెత్తుటి కణములలో థైలేరియా యను పరాన్నజీవులు గనబడెను. పాకలోని ఆ పరుగెత్తు పిడుదులే ఈ వ్యాధిని మోయును. పిల్లదశలో రోగియైన పశువును గరచి బీజమును గ్రహించి, మరుదశలో వేరొక పశువునకు నెక్కించును. బుపార్వాక్వోను అను మందును కండలోనికి సూదితో నిచ్చిరి. అయిదారు దినములకు ఆవు మేత ముట్టెను. పాలు మాత్రము ఆ ఈతకు మునుపటివలె రాలేదు. కొంతకాలము ఆ పిల్ల వసతిగృహములో నిలుచుట యెట్లని అందరమును దిగులు పడితిమి, నిలిచినది.

ఒంగోలు జాతి యావైనచో ఇంత కష్టము వచ్చియుండదేమో యని వైద్యులనిరి. మన మూపురపు పశువుల చర్మము గోమారులను అంతగా నిలువనీయదు. బ్రెజిలు దేశమున నేడు కోట్లకొలది పశువులు నెలోరీ యను పేర బెరుగుచున్నవి. అది మన నెల్లూరు పేరే. అచ్చటి వేడిమికిని పిడుదులకును తట్టుకొనుటయే వానికంత యాదరము గలుగుటకు గల కారణములలో నొకటి. పాలకొరకు మనము విదేశపు రక్తమును దెచ్చుకొంటిమి. వారు పిడుదులకొరకు మన రక్తమును గొనిపోయిరి.

పిడుదు జ్వరమును మోయునను సంగతి శాస్త్రలోకమునకు దెలిసి చాలకాలమైనది. 1893 లో అమెరికాలో స్మిత్తు, కిల్బోర్ను అను నిరువురు టెక్సాసు పశుజ్వరము పిడుదుల మూలమున వ్యాపించునని ఋజువు చేసిరి. రోనాల్డు రాసుగారు మన సికిందరాబాదులో దోమకడుపున మలేరియా బీజములను గనిపెట్టినది 1897 లో. అనగా పిడుదు దోమకంటె నాలుగేండ్లు ముందుగనే పట్టుబడినది. మనుష్యులకును ఇది చుట్టమే. 1957 లో మన పొరుగుననున్న మైసూరు రాష్ట్రపు షిమోగా జిల్లాలో, క్యాసనూరు అడవియందు కోతులు విరివిగా జచ్చుటయు, అడవికి బోయిన జనులకు తీవ్రజ్వరము వచ్చుటయు జరిగెను. అది పిడుదులవలన వ్యాపించు సూక్ష్మాంగి జ్వరమని తేలెను. నేటికిని మలెనాడు ప్రాంతమున చలికాలము మొదలు వేసవివరకు అడవికి బోవువారికి ఒంటికి బూసికొనుటకు ప్రభుత్వము వారొక నూనెను బంచిపెట్టుదురు. అది పువ్వులనుండి వచ్చినది గాదు. గ్వాలియరులోని రక్షణశాఖ పరిశోధనశాలలో రూపొందిన డెపా యను రసాయనము. ప్రాణములకు సంబంధించినచోట వారు సుగంధమును నమ్ముకొనలేదు.

అట్లని మొక్కలనుండి పనికివచ్చునదేదియు రాదనుట యన్యాయము. నిమ్మవాసన గల యూకలిప్టసు చెట్టొకటి గలదు. దాని యాకుల తైలమును శుద్ధిచేసి, మార్చి, పి.ఎం.డి. యను పదార్థమును దీయుదురు. ఇది తొందరగా నెగిరిపోదు గనుక కొన్నిగంటలు నిలుచును. అమెరికా ఆరోగ్యశాఖ వారు దోమలకును పిడుదులకును సిఫారసు చేయు మందులలో దీనిని జేర్చిరి. మూడేండ్లలోపు బిడ్డలకు మాత్రము వలదనిరి. ఇది మనయింట జలుబునకు వాడు నీలగిరి తైలము కాదని గట్టిగా చెప్పవలెను. నీలగిరి తైలము వేరొక చెట్టుది, అందలి ముఖ్యపదార్థము సినియోలు. పేరులో యూకలిప్టస్సు వినబడినంత మాత్రాన రెండును ఒకటి గావు. పంపరపనస జాతి పండ్లలోను, అలాస్కా దేశపు దేవదారువంటి చెట్టులోను నుండు నూట్కటోను అను మరియొక పదార్థమును 2020 లో అచ్చటి ప్రభుత్వము వారంగీకరించిరి. ఇవి పరీక్షకు నిలిచినవి. నిమ్మగడ్డి, సిట్రొనెల్లా, లవంగము, దేవదారు మొదలగు నూనెలను 1996 లో ఆ దేశమువారు అపాయము తక్కువ యని పరీక్షనుండి మినహాయించిరి. ఇక్కడనే జనులు పొరబడుదురు. పరీక్ష అక్కరలేదనుట నెగ్గెననుట గాదు. హాజరుపట్టీలో సెలవు వ్రాసిన బాలుడు ఆ దినపు లెక్కలలో నూటికి నూరు తెచ్చుకొనెనని యెవరైన నందురా?

పిల్లిని బెంచువారికొక మాట. పిల్లి కాలేయమునకు ఈ తైలములను విరిచి వెలికిబంపు శక్తి చాల తక్కువ. టీ ట్రీ యను నూనె పిల్లులకును, కుక్కలకును గూడ విషము. కుక్కలకు వాడు పెర్మెత్రిను మందును పిల్లికి బూసిన నదియు జచ్చును. కావున పిల్లి విషయమున వైద్యునడుగక యేదియు బూయరాదు, అది పూలనుండి వచ్చినను సరే, కర్మాగారమునుండి వచ్చినను సరే.

మేమిప్పుడు చేయుచున్నదేమనగా: అవ్వ పాకగోడల పగుళ్లను స్కౌటు బాలురు సిమెంటుతో బూడ్చి సున్నము గొట్టిరి. హయలొమ్మా పిడుదు బ్రదుకంతయు ఆ పగుళ్లలోనే యున్నది. గోడ నునుపైన దానికి నిలువ నీడ లేదు. గోమారుల మందును డాక్టరుగారు చెప్పిన మోతాదున, చెప్పినన్ని దినములు పాలు విడిచి, వాడుచున్నాము. కోళ్లు నాలుగు వచ్చినవి. అవ్వ నిమ్మగడ్డి నూనెను మానలేదు. సాయంకాలము పాలు పితుకునప్పుడు దానిని వేపనూనెలో గలిపి ఆవు కాళ్లకు రాచును. ఈగలు దోమలు ఆ కాసేపు దూరముగా నుండుటచే ఆవు తన్నదట. ఆ పనికి అది చక్కని నూనె. నేను కాదనను.

అడవిబాటన స్కౌటు విడిదికి బోవునప్పుడు బాలురు లేతరంగు బట్టలు ధరించి, లాగు కొనలను మేజోళ్లలోనికి జొనిపెదరు. తెల్లని బట్టపై పిడుదు నల్లగా గనబడును. ఒంటికి గావలసిన నిమ్మగడ్డి నూనె చెంచా కొబ్బరినూనెకు రెండు మూడు చుక్కలకు మించరాదు. నేరుగా బూసిన చర్మము మండి బొబ్బలెక్కును. పరీక్షించిన మందున్నచోట దానినే వాడుట మేలు. రాత్రి విడిదికి జేరగానే ఒకరి నొకరు చూచుకొందురు: చెవుల వెనుక, చంకలు, నడుము, మోకాలి మడత, జుట్టు. ఈ చూచుకొనుట ఏ నూనెకంటెను విలువైనది. పశ్చిమదేశములలోని లైము వ్యాధి విషయమున పిడుదు సామాన్యముగా 24 గంటలకు మించి అంటియున్నగాని బీజము మనలో బ్రవేశింపదని కనుగొనిరి. అన్ని జ్వరములకు నీ గడువు చెల్లదు గనుక ఎంత త్వరగా దీసిన నంత మంచిది. తీయునప్పుడు సన్నని పట్టుకారుతో చర్మమున కానించి మూతియొద్ద బట్టుకొని, మెలిత్రిప్పక, నిదానముగా నిట్టనిలువుగా లాగవలెను. కిరసనాయిలు పోయుట, అగ్గిపుల్లతో కాల్చుట, నూనెలో ముంచుట కూడదు. బాధపడిన పిడుదు త్రాగినదానిని గాయములోనికే తిరిగి క్రక్కవచ్చును. పిమ్మట సబ్బుతో గడిగి, తేదీని చిన్న పుస్తకములో వ్రాసికొనవలెను. కొన్నిదినములకు జ్వరము వచ్చినచో ఆ తేదీ డాక్టరునకు బనికివచ్చును.

బావియొద్ద నిమ్మగడ్డి దుబ్బులు బాగుగా దట్టమెక్కినవి. వానలు పడిన వెంటనే వానిని విడదీసి నాటనున్నాము. పిలకలు కావలసినవారు గోనెసంచి దెచ్చుకొనిన నీయగలము. ఆకు అంచులు కోసుకొనును. చేతికి గుడ్డ చుట్టుకొని పట్టుకొనవలయును.